తైలచిత్రము వెనుకటి కథ

(నారపల్లి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



సంఘసభలలో విద్యాభివృద్ధిని గూర్చియు, వ్యవసాయమును గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు ముచ్చటించుట వాడుక. ఈ యేడు ఆహ్వానసంఘమువారు మమ్ము చిత్రకళను గూర్చి పలుకుమనిరి. కొందరు మిత్రులు దీనిని భోజనానంతర వినోదముగా నెంచిరి. మాకట్లు తోచలేదు. మన సంఘము ఏటేట బీదవిద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది. ఆ వేతనములు ఎట్టివారి కీయవలెను, ఎట్టి చదువున కీయవలెను అను ప్రశ్న ఈ సాయంకాలమే కార్యనిర్వాహకవర్గము ముందునకు రానున్నది. ఆ ప్రశ్నకు ఒక చిత్రకారుని జీవితమే సమాధానము చెప్పుచున్నదని మా నమ్మకము. ఆ చిత్రకారుడు మనవాడే. వారు పాకాల తిరుమలరెడ్డిగారు. లోకము వారిని పి. టి. రెడ్డి యని యెరుగును.

వారి కథ చెప్పుటకు ముందు, బొమ్మకును కథకును మన దేశములో గల చుట్టరికమును రెండుమాటలలో జ్ఞాపకము చేయుదుము. మనము కూడియున్న ఈ నారపల్లి ఉప్పలునకు తూర్పుగా, హైదరాబాదునుండి వరంగల్లునకు బోవు పెద్దబాటపై నున్నది. ఈ బాటనే పట్టుకొని ఘటకేసరము, భువనగిరి దాటి జనగామ చేరి, అటనుండి పక్కకు మరలినచో చేర్యాల గ్రామము వచ్చును. అచ్చటి నకాషీవారు ఖాదీగుడ్డకు చింతగింజల జిగురును, తెల్లసుద్దను పూసి, ఆరబెట్టి, దానిపై పురాణములను వరుసగా చిత్రింతురు. ఆ పటము గోడకు వ్రేలాడదీయుటకు గాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుదురు. ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు చెప్పుదురు. మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు చెప్పుదురు. పటమును విప్పి, కర్రతో బొమ్మను చూపుచు, రాత్రులు తెల్లవార్లు కథ నడపుదురు. ఒక్కొక్క కులము తన కథ చెప్పువానిని పోషించెను. కథ చెప్పువాడు చిత్రకారునిచే పటము వ్రాయించుకొనెను. కనుక బొమ్మ యెన్నడును మూగది కాలేదు. చిత్రకారునకు కూడు గూడ కులమునుండియే వచ్చెను. కులసంఘములకు చిత్రకళతో నేమిపని యని యడుగువారికి చేర్యాల పటమే జవాబు.

తైలచిత్రము మన యిండ్లకు వచ్చిన తీరు వేరు. అది బంగారుపూత చట్రములో బిగింపబడి వచ్చినది. కథ చెప్పువాడు దాని వెంట రాలేదు. మేము పెండ్లిండ్లకును, శుభకార్యములకును పోయినపుడు గోడలు పరికించెడి అలవాటు గలవారము. పాత దేశ్‌ముఖుల యిండ్లలో, పట్టేదారుల గడీలలో తలపాగా ధరించిన పెద్దల తైలచిత్రము లెన్నియో కలవు. వీరెవరని యడుగుదుము. ముత్తాతగారని చెప్పుదురు. వ్రాసిన దెవరని యడుగుదుము. తెలియదందురు. ఎప్పుడు వ్రాసిరి, ఏ సందర్భమున వ్రాసిరి, వ్రాసినవానికి ఏమి యిచ్చిరి? తెలియదందురు. మూడు తరములు గడచునప్పటికి బొమ్మ మిగిలినది, కథ పోయినది.

తైలవర్ణముయొక్క స్వభావమును కొంచెము తెలిసికొన్నచో, ఈ కథ యేల ముఖ్యమో తేటపడును. రంగుచూర్ణమును అవిసెనూనెతో మెత్తగా నూరి ఈ వర్ణమును సిద్ధపరతురు. నీటిరంగు నీరు ఆవిరియైనంతనే యెండును. తైలవర్ణ మట్లు గాదు. అది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. పైపొర యారుటకు కొన్నిదినములు, ఒక్కొకప్పుడు వారములు పట్టును. లోపలిపొర యారుటకు నెలలు పట్టును. అందుచేత చిత్రకారుడు నిన్న వ్రాసిన ముఖమును నేడు గీకివేయవచ్చును, చేతిని మరియొక వైపునకు త్రిప్పవచ్చును, నీడను వెలుగుగా మార్చవచ్చును. పాత తైలచిత్రములను ఎక్సురే కిరణములతో పరీక్షించినపుడు, పైకి కనబడు బొమ్మక్రింద వేరొక బొమ్మ బయటపడుట కద్దు. అనగా తైలచిత్రములో చిత్రకారుని తలపులేగాక, వాడు మార్చుకొన్న తలపులును పొరలుపొరలుగా నిలిచియుండును.

దీనినిబట్టి తేలునదేమి? తైలచిత్రమునకు రంగుకంటె, గుడ్డకంటె, కాలము ముఖ్యమైన సామగ్రి. నెలల తరబడి ఒక బొమ్మ ముందు కూర్చుండుటకు చిత్రకారునకు తీరిక కావలెను. తీరికకు తిండి కావలెను. కావున ప్రతి తైలచిత్రము వెనుకను రెండు కథలు కలవు. ఒకటి, దానిని వ్రాసినవాని కథ. రెండవది, వానికి కాలము నిచ్చినవాని కథ. మొదటి కథను విమర్శకులు చెప్పుదురు. రెండవ కథను చెప్పుకొనవలసినవారము మనము.

ఈ విద్య మన దక్షిణదేశమున పాదుకొన్న తీరులోనే ఈ సంగతి స్పష్టము. రాజా రవివర్మగారు 1848లో కిలిమానూరున జన్మించిరి. తిరువాన్కూరు రాజాస్థానములో నాడు తైలవర్ణము నెరిగిన చిత్రకారుడు రామస్వామి నాయుడుగారు. యువకుడైన రవివర్మకు ఆ విద్య చెప్పుటకు ఆయన యంగీకరింపలేదని ప్రసిద్ధి. 1868లో థియోడర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుడు తిరువనంతపురమునకు వచ్చినపుడు, పక్కన నిలిచి చూచుటకు మాత్రమే రవివర్మకు అనుమతి లభించెను. చూచుటతోనే నేర్చుకొని యాయన భారతదేశమంతట కీర్తిగాంచెను. 1894లో స్థాపించిన ముద్రణాలయము వలన ఆయన లక్ష్మీ సరస్వతులు మన పూజామందిరములకు గూడ వచ్చి చేరిరి. విద్యను దాచుకొనువారు ఎల్లకాలములందు నుందురు. తలుపు కొంచెము తెరచి పట్టువాడొక్కడున్న చాలును.

తిరుమలరెడ్డిగారికి తలుపు తెరచినవారెవరో యిక చెప్పుదుము.

వారు 1915వ సంవత్సరము జనవరి 4వ తేదీన కరీంనగరు జిల్లాలోని యొక పల్లెలో, వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. వారు పుట్టిన మూడేండ్లకు, 1918లో, హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహము స్థాపితమయ్యెను. దానికి ప్రాణము రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు. వారు 1869లో జన్మించి, పోలీసు శాఖలో క్రిందినుండి మెట్టుమెట్టుగా పైకివచ్చి, 1920నుండి 1934వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా నుండి, 1953లో పరమపదించిరి. ఆనాడు నిజాము రాజ్యములో బడిచదువు ఉర్దూలో సాగుచుండెను. తెలుగుపల్లెనుండి వచ్చిన కుర్రవానికి నగరములో దిగుటకు చోటు లేదు, చదువు చెప్పించుకొనుటకు తోడు లేదు. ఆ లోటును తీర్చుటకే ఆ గృహము పుట్టినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణభారమును చాలకాలము వహించిరి. తెలంగాణములో కవులే లేరను మాటకు బదులుగా 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన మహనీయులు వారే. అట్టి గాలిలో మన తిరుమలరెడ్డిగారు పెరిగిరి.

ఆ గృహమున చేరిన బాలురను గూర్చి తలిదండ్రుల కోరిక యేమైయుండును? వకీలు కావలెను, తహసీలుదారు కావలెను, తక్కువలో తక్కువ పోలీసు అమీను కావలెను. పల్లెలో నెద్దులనమ్మి కుమారుని పట్నమునకు పంపినవాడు, వాడు బొమ్మలు గీయుటకు నేర్చుకొనవలెనని కోరునా? కాని ఒక కుర్రవాని చేతిలో నున్న విద్యను నగర కొత్వాలుగారి కన్ను పసికట్టెను. దొంగను, దొరను గుర్తించుట కొత్వాలు పని. చిత్రకారుని గుర్తించుట ఆయన యుద్యోగధర్మములో లేదు. అయినను గుర్తించెను. ఆయన ప్రోత్సాహముతో, ఆయన ప్రాపుతో తిరుమలరెడ్డిగారు బొంబాయికి బోయి సర్ జంషెట్జీ జీజీభాయి కళాశాలలో చేరిరి. పోలీసుకొలువులో తల నెరసిన పెద్దమనిషి ఒక బాలుని కుంచెయందు కులమునకు గౌరవమును జూచుట అద్భుతము కాదా? మన సంఘపు పెద్దలు ఈ యొక్క సంగతిని మరువకుందురుగాక యని కోరుచున్నాము.

బొంబాయి కళాశాలలో నాడు శిక్షణము కఠినముగా నుండెడిది. మొదట సుద్దబొమ్మలను చూచి గీయవలెను. పిమ్మట మనిషిని ఎదుట కూర్చుండబెట్టి ఎముక, కండ, చర్మము ఒకదానిపై నొకటి యెట్లు నిలిచియున్నవో కనిపెట్టి గీయవలెను. అటుపిమ్మట తైలవర్ణము. ఈ శిక్షణముతోపాటు, కళాశాలాధిపతియైన చార్లెస్ జెరార్డుగారు ఐరోపాలో నాడు మారుచున్న కొత్తదృష్టిని గూడ శిష్యులకు పరిచయము చేసిరి. ఉన్నదున్నట్లు వ్రాయుట చేతనైన పిమ్మట, చిత్రకారుడు తాను చూచినదేమో, తలచినదేమో చెప్పవలెనని యా దృష్టి. 1941లో అయిదుగురు యువకులొక జట్టుగా గూడి తమ చిత్రములను బొంబాయిలో ప్రదర్శించిరి. వారిని లోకులు యంగ్ టర్క్స్ అనిరి. తిరుమలరెడ్డిగారు వారిలో నొకరు. తక్కిన నలుగురు భోపలే, మజీదు, కులకర్ణి, బాప్టిస్టా. నవీన భారత చిత్రకళ యనగానే 1947లో పుట్టిన బొంబాయి ప్రోగ్రెసివ్ జట్టును గూర్చి మాత్రమే చెప్పుట నేటి వాడుక. దానికి ఆరేండ్లు ముందే ఒక తెలుగుబిడ్డ ఆ బాట నడిచెను. ఇది మనవారే మరచిన సంగతి.

ఆ అయిదుగురి పేర్లను మరియొకసారి తలపునకు దెచ్చికొనుడు. వారిలో మహారాష్ట్రులున్నారు, మహమ్మదీయుడున్నాడు, క్రైస్తవుడున్నాడు, మన తెలంగాణపు రైతుబిడ్డ యున్నాడు. కులపు వసతిగృహము ఒక బాలుని బయలుదేరదీసినది. కాని యాతని గమ్యము కులములో ముగియలేదు. గూటిలో పుట్టిన పక్షి గూటిలోనే యుండిపోయినచో, గూడు కట్టిన శ్రమ ఫలించినదని యెట్లనగలము?

ఇక నీ కథలో చేదుగానుండు భాగమునకు వచ్చితిమి. తిరుమలరెడ్డిగారు హైదరాబాదునకు తిరిగి వచ్చిరి. 1947లో యశోదగారిని వివాహమాడిరి. సంసారము గడువవలెను. బొంబాయిలో పేరుగాంచిన చిత్రకారునకు హైదరాబాదులో చిత్రములు కొనువారు కరవైరి. కావున వారు కొన్నియేండ్లు కుంచెను పక్కనబెట్టి, కొయ్యసామాను తయారుచేయించు కార్ఖానా నడపిరి. కుర్చీలు, బల్లలు, మంచములు! కొయ్యపని నీచమని మేమనము. వంకలేని కుర్చీ చేయుట గూడ నొక విద్యయే. కాని ఆలోచింపుడు. ఆ దినములలో కుర్చీ కావలెనని వచ్చిన గృహస్థులు ఎందరో యుండిరి. ఆ కుర్చీకి ఎదుటిగోడపై నొక చిత్రము కావలెనని వచ్చినవా రెందరు? మన యిండ్లలో కూర్చుండుటకు చోటు చేసికొంటిమి. చూచుటకు చోటు చేసికొనలేదు.

బాలునకు విద్యార్థివేతన మిచ్చినవాడు ధన్యుడే. కాని వేతనము తలుపు తెరచును, ఇల్లు నడుపదు. చదువు ముగించి వచ్చిన కళాకారుని చేతినుండి వస్తువును కొనువారు లేనిచో, మనము పెట్టిన వేతనము గూడ వ్యర్థమగును. పండిన పంటకు అంగడి లేనిచో రైతు గతి యేమో మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. కళాకారుని గతియు నదియే.

అయినను తిరుమలరెడ్డిగారి కుంచె యెండిపోలేదు. వారు మరల చిత్రరచనకు వచ్చిరి, బ్రతికినంతకాలము వ్రాసిరి. వారిని నిలిపిన బలములలో నొకటి వారి గృహమే. యశోదారెడ్డిగారు 1929లో పాలమూరు జిల్లా బిజినేపల్లిలో జన్మించినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యపదవి నలంకరించిన విదుషీమణి. పండితభాషలో నిష్ణాతురాలైయుండియు, 1973లో మా ఊరి ముచ్చట్లు అను కథలసంపుటములో తన పల్లెభాషను, ఆడువారి నోట పలుకుబడి పలికినట్లుగా నిలిపిరి. పల్లెపలుకు అచ్చునకు తగదని తలంచువారు నాడు తక్కువగా లేరు. ఆమె జంకలేదు. ఒకే కప్పు క్రింద నొకరు మాటలతోను, నొకరు రంగులతోను తమ నేలను లోకమునకు చూపిరి. భర్త విద్యను భార్యయు, భార్య విద్యను భర్తయు గౌరవించిన సంసారము మన యువదంపతులకు ఆదర్శము కాదగును.

తిరుమలరెడ్డిగారి కడపటి దశాబ్దముల చిత్రములలో తాంత్రిక రూపములు ప్రధానమైనవి. బిందువు, త్రికోణము, వృత్తము, పద్మము, సర్పము మున్నగునవి వర్ణకాంతితో నిండి యందు కనబడును. వానిని జూచి, ఇందులో మనిషి యేడి, చెట్టేది యని యడుగువారు కలరు. వారికి మేమొక ప్రశ్న వేయుదుము. మన యింటి ఆడువారు తెల్లవారుజామున ముంగిట చుక్కలు పెట్టి, గీతలు కలిపి ముగ్గు వేసినపుడు, ఇందులో మనిషి యేడి యని మనమడిగితిమా? శ్రీచక్రమునకు కుంకుమపూజ చేయునపుడు త్రికోణమున కర్థమేమని సందేహించితిమా? కంటికి కనబడని దానికి గీతతో రూపుకట్టుట మన యింటి విద్యయే. దానిని తైలవర్ణముతో, బొంబాయిలో నేర్చిన సాములతో ఆయన పెద్దగుడ్డలపైకి తెచ్చెను. 1985లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయమువారు నవతంత్ర చిత్రకళా ప్రదర్శనము నేర్పరచినపుడు, భారతదేశమునుండి యెన్నుకొనబడిన చిత్రకారులలో తిరుమలరెడ్డిగారొకరు. కరీంనగరు పల్లెనుండి లాస్ ఏంజిలిస్‌వరకు సాగిన యా ప్రయాణమునకు తొలిమెట్టు నారాయణగూడ చేరువనున్న యొక వసతిగృహపు గది.

ఆ నారాయణగూడయందే వారి గృహము "సుధర్మ". దానిని వారు నివాసముగా, చిత్రశాలగా, చిత్రప్రదర్శనశాలగా తీర్చుకొనిరి. సుధర్మయనగా దేవసభ. తన చిత్రములకు గోడ నిచ్చువారు రాకున్న, తానే గోడలు కట్టుకొన్న మనుష్యుడాయన. 1996వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన వారు కీర్తిశేషులైరి. యశోదారెడ్డిగారు 2007లో స్వర్గస్థులైరి.

ఇది యొక్కరి కథయే యని త్రోసివేయకుండుటకై మరి రెండు జీవితములను ముచ్చటించెదము. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారిని గుర్తించినవారు అచ్చటి ప్రభుత్వ కళాశాలాధిపతియైన ఆస్వాల్డు కూల్డ్రేగారు. ఆయన ఆంగ్లేయుడు. బాలుని చేతిలోని విద్యను జూచి బొంబాయికి పంపుటకు తోడ్పడినవాడాయన. రామారావుగారు 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో మశూచికముచే ఇరువదియేడేండ్లకే యస్తమించిరి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును గూడ చిత్రకళ నభ్యసించినవారు. వారును, శిష్యమిత్రులును ఆ చిత్రములను కన్నులలో పెట్టుకొని కాచిరి. అందుచేతనే నేడు రాజమహేంద్రవరమున ఆయన పేర చిత్రశాల వెలసినది. చిత్రకారుడు పోయిన పిదప చిత్రమునకు ప్రాణము పోయువారు ఇంటివారే యని యీ కథ చెప్పుచున్నది.

రెండవవారు ఓరుగల్లుసీమలోని పెనుగొండయందు 1924లో జన్మించిన కొండపల్లి శేషగిరిరావుగారు. కలిమి తరిగిన బ్రాహ్మణకుటుంబమునుండి వచ్చిన ఆ బాలునకు హైదరాబాదు కళాశాలలో చదువునకు అండగా నిలిచినవారు నవాబు మెహదీ నవాజు జంగుగారు. వారి పేరు నేడు మన నగరములోని క్యాన్సరు వైద్యశాలవలన అందరికిని తెలియును. శేషగిరిరావుగారు శాంతినికేతనమున నందలాల్ బోసుగారి యొద్ద శిక్షణ పొంది వచ్చి, పురాణగాథలను, కాకతీయ వైభవమును, దక్కను కొండరాళ్లను చిత్రించిరి, తరములకు తరములు శిష్యులకు విద్య చెప్పిరి, 2012లో దివంగతులైరి.

ఈ మూడింటిని పక్కపక్కన నిలిపి చూడుడు. రెడ్డి బాలునకు రెడ్డి కొత్వాలు అండ. గోదావరితీరపు బాలునకు ఆంగ్లేయ గురువు అండ. బ్రాహ్మణ బాలునకు మహమ్మదీయ నవాబు అండ. అండ యెచ్చటనుండి వచ్చినను చిత్రము మాత్రము తెలుగువారందరి సొత్తయ్యెను. కనుక మన నిధినుండి చిత్రకళకు ఇచ్చు వేతనము మన కులపు బాలునకే చెందవలెనను నియమముండరాదని మేము వినయపూర్వకముగా మనవి చేయుచున్నాము. మెహదీ నవాజు జంగుగారు కులము చూచి యిచ్చియుండినచో శేషగిరిరావుగారి గతి యేమైయుండెడిది? పుచ్చుకొన్న జాతి ఇచ్చుటయు నేర్వవలెను.

ఇచట నొక యాక్షేపణ రావచ్చును. వైద్యవిద్యకు, యంత్రవిద్యకు ధనము చాలని యీ కాలములో బొమ్మలకేల యని కొందరందురు. ఆ విద్యలకు తక్కువ చేయుమని మేము కోరము. ఆ చదువులకు బ్యాంకులు అప్పిచ్చును, బంధువు లిత్తురు, కట్నమాశించు మామలు గూడ నిత్తురు. బొమ్మ గీయువానికి ఇచ్చువాడు సంఘము తప్ప మరియెవ్వడు? ఎవ్వరు నీయనిచోట నిచ్చుటయే సంఘమునకు గల పని. అందరు నిచ్చుచోటనే మనమును ఇచ్చినచో, సంఘమేల, చందాలేల?

కావున మా సూచనలు నాలుగు.

మొదటిది. ఏటేట ఇచ్చు వేతనములలో నొక్కటి చిత్రకళాభ్యాసమునకు ప్రత్యేకింపవలెను. అది చదువు ముగియువరకు ఆగక సాగవలెను. ఒక్క యేడిచ్చి మానుట నారు పోసి నీరు మానుట వంటిది. ఆడుపిల్లలకు ఇందు సమానావకాశ ముండవలెను.

రెండవది. మన పోషకులలో ఇల్లు కట్టుకొనువారు, పెండ్లి చేయువారు ఏటికొక చిత్రమునైన యువచిత్రకారులయొద్ద వెలయిచ్చి కొనవలెను. ఉప్పలు, నాచారము మొదలుకొని యీ నారపల్లివరకు నేడెన్ని కొత్తయిండ్లు లేచినవో మీరే చూచుచున్నారు. గోడలకు కొదువలేదు. ఒక పూట విందులో ఒక్క వంటకమును తగ్గించినచో నొక చిత్రము వచ్చును. బేరమాడవలెనన్న నాడుడు, కాని ఉచితముగా మాత్రము అడుగకుడు. వైద్యుని ఉచితముగా శస్త్రచికిత్స చేయుమని యడుగుదుమా?

మూడవది. ఇంట నున్న పాత తైలచిత్రములను కాపాడవలెను. వంటయింటి పొగ, అగరువత్తి పొగ తగులుచోటను, ఎండ సూటిగా పడుచోటను, వానకు చెమ్మగిల్లు గోడమీదను వానిని పెట్టరాదు. గోడకును చట్రమునకును నడుమ గాలియాడుటకు కొంచెము ఎడమ వదలవలెను. పండుగకు ఇల్లు కడుగునపుడు తడిగుడ్డతో తుడుచుటయు, మెరుపు రావలెనని నూనె పూయుటయు బొమ్మను చంపుటయే. మెత్తని పొడికుంచెతో దుమ్ము దులిపిన చాలును. పొరలు లేచినచో వీథిలోని రంగులవానిచే మరల రంగు పూయింపక, మ్యూజియములలో పరిరక్షణవిద్య నెరిగినవారిని సంప్రతింపవలెను. చుట్టవలసివచ్చినచో రంగు వెలుపలివైపున నుండునట్లు వదులుగా చుట్టవలెను. లోపలివైపునకు చుట్టినచో రంగు నలిగి రాలును.

నాలుగవది అన్నిటికంటె సులభము, అన్నిటికంటె ముఖ్యము. చేర్యాల పటమునకు కథ చెప్పువాడున్నాడు. మన తైలచిత్రమునకు లేడు. వాని స్థానములో నొక కాగితము నుంచుదము. ఇంటికి పోయినవెంటనే, ఇంకను జీవించియున్న ముసలివారినడిగి, బొమ్మలో నున్నవారి పేరు, వ్రాసినవారి పేరు తెలిసినచో ఆ పేరు, వ్రాసిన యేడు, వ్రాయించిన సందర్భము, దానిని గూర్చి యింట చెప్పుకొను ముచ్చటలు ఒక మంచి కాగితముపై వ్రాసి, ప్రతి నొకటి యింట దాచి, మరియొకటి సంఘ కార్యాలయమునకు పంపుడు. కాగితమును బొమ్మగుడ్డకు అంటింపక, సంచిలో పెట్టి చట్రమునకు వెనుక వ్రేలాడదీయుడు. వచ్చు యేటి సంచికలో ఆ కథలను ప్రకటించుటకు సంపాదకవర్గమువారు చోటిత్తురని యాశించుచున్నాము. తెలిసినవారు ఒక్కొక్కరుగా దాటిపోవుచున్నారు. ఈ పని మరుసటి యేటికి వాయిదా వేయదగినది గాదు.

సోదరులారా, కొత్వాలుగారు కట్టించిన వసతిగృహములో చదివి ఎందరు వకీళ్లయిరో, ఎందరు అధికారులయిరో, ఎందరు మంత్రులయిరో లెక్కించి మనము గర్వపడుదుము. ఆ గర్వము న్యాయమే. కాని పదవి పదవీవిరమణతో ముగియును. ఆ గృహమునుండి వెలువడిన యొక చిత్రకారుని చేతిపని మాత్రము ఆయన గతించిన పిమ్మటను నిలిచియున్నది, ఆయనను ఎరుగని దేశములలో గూడ ఆయన నేలను గూర్చి పలుకుచున్నది. నేడు మన పల్లెలలో, మన వీథులలో, నోటుపుస్తకపు కడపటి పుటలో బొమ్మలు గీయుచు ఉపాధ్యాయునిచే చీవాట్లు తినుచున్న బాలబాలికలలో అట్టివారెవరో మనకు తెలియదు. వెదకుట మన వంతు. ఈ సాయంకాలపు సభలో మొదటి సూచననైన తీర్మానముగా నంగీకరించి, దానికి కావలసిన ధనమును ఈ వేదికపైననే వాగ్దానము చేయుదురని పోషకమహాశయులను ప్రార్థించుచున్నాము.